ఏఆర్-15 కొంటానంటున్న పద్దెనిమిదేళ్ళ కొడుకు: ఒక తల్లి ప్రశ్నకు సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డాలస్ దగ్గర ఉంటున్నారు. అబ్బాయి ఇక్కడే పుట్టాడు, మొన్ననే 18 నిండాయి. ఆ వెంటనే సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి మగపిల్లల పేర్లు నమోదుచేసుకునే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వాడేమో ఫ్రెండ్స్‌తో కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాడు, ఏఆర్-15 రైఫిల్ కొంటానంటున్నాడు. వద్దంటే "ఇంటిని కాపాడుకోలేనివాడు మగాడెలా అవుతాడమ్మా" అని ఎదురు ప్రశ్న వేస్తున్నాడు. ఈ దేశంలో మగతనానికీ, తుపాకీకీ, మిలిటరీకీ ఈ లంకె ఎక్కడ పడిందో, వాడికి ఏం చెప్పాలో అడిగారు.

నేను సైకియాట్రిస్టుని. గుంటూరులో చదువుకుని ఇక్కడికి వచ్చాక, వీసా షరతు ప్రకారం డాక్టర్లు దొరకని ప్రాంతంలో పనిచెయ్యాల్సి వచ్చి ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో చేరాను. షరతు తీరిపోయినా అక్కడే ఉండిపోయాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు: మాజీ సైనికులు, మూతపడ్డ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళు, రైతులు. దాదాపు అందరిళ్ళలోనూ తుపాకులుంటాయి. అందుకే మొదట ఒక మాట. మీ అబ్బాయి అన్నదాన్ని పిల్లచేష్టగా కొట్టిపారెయ్యకండి. నువ్వు కాపాడేవాడివి, అందుకు నీ చేతిలో ఆయుధం ఉండాలి అని ఈ దేశం మగపిల్లలకు చిన్నప్పట్నుంచీ నూరిపోస్తుంది. వాడు ఆ మాట నమ్మాడు. అది ఎక్కడినుంచి వచ్చిందో, దాన్ని నమ్ముకున్న మగవాళ్ళకు ఏమవుతోందో తెలిస్తే వాడితో మాట్లాడటం మీకు తేలికవుతుంది.

అమెరికన్లు చెప్పుకునే కథ ప్రకారం తుపాకీ మొదట్నుంచీ ప్రతి మగాడి భుజం మీదా ఉంది, పశ్చిమాన కౌబాయ్ దానితోనే బతికాడు. అసలు చరిత్ర వేరు. అరిజోనాలోని టూమ్‌స్టోన్‌లో 1881 అక్టోబర్ 26న జరిగిన ఓకే కొరాల్ కాల్పుల గురించి మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. ఆ గొడవకు అప్పటికప్పుడు కారణం ఊళ్ళో తుపాకీ పట్టుకు తిరగకూడదన్న స్థానిక చట్టమే. ఊరి పోలీసు అధికారి వర్జిల్ ఎర్ప్, అతని తమ్ముళ్ళు ఆ చట్టం కింద అవతలివాళ్ళ దగ్గర ఆయుధాలు తీసేసుకోవడానికే వెళ్ళారు. కాన్సస్‌లోని డాడ్జ్ సిటీలోనూ తుపాకులు పట్టుకు తిరగడం నిషిద్ధమని ఊళ్ళోనే బోర్డు పెట్టారు. అక్కడి జనానికి ఊరు ప్రశాంతంగా ఉండి వ్యాపారం సాగడం ముఖ్యం. ప్రతివాడూ పిస్తోలు వేలాడేసుకుని తిరిగే పట్నాన్ని తర్వాతి తరాల కథకులూ సినిమాలూ తయారుచేశాయి.

తుపాకీని పెంచిపోషించింది మొదట సైన్యం డబ్బే. ఇక్కడే మీ ప్రశ్నలోని రెండు కొసలూ కలుస్తాయి. 1798లో ఎలై విట్నీ అనే తయారీదారుకి ప్రభుత్వం 10,000 మస్కెట్లకు (ఆ కాలపు పొడవాటి తుపాకులకు) కాంట్రాక్టు ఇచ్చింది. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం ప్రభుత్వానిదే. ఒకేలాంటి విడిభాగాలను యంత్రాలతో లెక్కకు మించి చెయ్యడం అమెరికా నేర్చుకున్నది చాలావరకు ఇలాంటి చోట్లే. శామ్యూల్ కోల్ట్ సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 1836లో రివాల్వర్‌కి పేటెంట్ తీసుకుని న్యూజెర్సీలో కంపెనీ పెట్టాడు. కొనేవాళ్ళు చాలక 1842కల్లా అది మూతపడింది. ప్రతి మగాడికీ పుట్టుకతోనే తుపాకీ మీద మోజు ఉండి ఉంటే ఆ కంపెనీ మునిగేది కాదు. 1847లో మెక్సికోతో యుద్ధం కోసం సైన్యం వెయ్యి రివాల్వర్లకు ఆర్డర్ ఇచ్చాకే అతను మళ్ళీ లేచి నిలబడ్డాడు.

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం అయిపోగానే సైన్యం ఆర్డర్లు తగ్గిపోయాయి. అంత పెద్ద ఫ్యాక్టరీలు ఊరుకుంటే ఎలా? కంపెనీలు ఒకవైపు విదేశీ సైన్యాలకు, ఇంకోవైపు మామూలు జనానికి అమ్ముకోవడం మొదలుపెట్టాయి. అవసరం లేనివాడిచేత కొనిపించాలంటే ఆ వస్తువుకి ఏదో ఒక అర్థం అంటగట్టాలి. తండ్రి కొడుక్కిచ్చే మొదటి రైఫిల్, మగపిల్లాడు పెద్దవాడయ్యాడనడానికి గుర్తు, అడవిలో ఒంటరిగా నిలబడగల ధీరుడు, ఇవన్నీ అలా ప్రకటనల్లోకి ఎక్కాయి. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1871లో పుట్టింది. పెట్టినవాళ్ళు అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడిన అధికారులు. సైనికులకు గురి కుదరడం లేదన్నదే వాళ్ళ బాధ. వంద ఏళ్ళపాటు అది ముఖ్యంగా గురి నేర్పే, వేటగాళ్ళ సంఘం. 1977లో సిన్సినాటిలో జరిగిన సమావేశంలో హార్లన్ కార్టర్ వర్గం సంస్థని చేజిక్కించుకున్నాక అది ఏ తుపాకీ చట్టాన్నైనా అడ్డుకునే రాజకీయ శక్తిగా మారింది.

ఇక మీ అబ్బాయి అడుగుతున్న ఏఆర్-15. 1950ల చివర్లో ఆర్మలైట్ అనే చిన్న కంపెనీలో యూజీన్ స్టోనర్ అనే ఇంజినీరు దాన్ని తయారుచేశాడు. 1959లో హక్కులు కోల్ట్ కొనుక్కుంది. సైన్యం దాన్నే ఎం-16గా వియత్నాం తీసుకెళ్ళింది. ఒక్కో నొక్కుకి ఒక్కో గుండు పేలే రకాన్ని కోల్ట్ 1964 నుంచి జనానికి అమ్మింది. చాలాకాలం వేటగాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. జింకల వేటకు వెళ్ళే మా ఊరి ముసలివాళ్ళు ఇప్పటికీ చెక్క పిడి రైఫిలే ఇష్టపడతారు. 1994 నుంచి 2004 దాకా ఆ జాతి తుపాకుల మీద కేంద్ర ప్రభుత్వ నిషేధం ఉండేది. గడువు తీరాక కాంగ్రెస్ దాన్ని పొడిగించలేదు. అప్పటికి అఫ్ఘానిస్తాన్, ఇరాక్ యుద్ధాలు రోజూ టీవీలో కనపడుతున్నాయి. ఆ రైఫిల్‌ని యుద్ధంలో ఉన్న సైనికుడి వస్తువుగానే జనానికి అమ్మడం మొదలైంది.

అప్పటి ప్రకటన ఒకటి మీ అబ్బాయికి చూపించండి. బుష్‌మాస్టర్ అనే కంపెనీ తన రైఫిల్ బొమ్మ వేసి, నీ మగతనం కార్డు నీకు తిరిగి వచ్చినట్టే అనుకో అని రాసింది. ఆ ప్రచారంలో భాగంగా ఫలానా స్నేహితుడు తగినంత మగాడిలా లేడని చెప్పి వాడి కార్డు రద్దు చెయ్యడానికి వెబ్‌సైట్ కూడా పెట్టారు. అంటే మగతనం పుట్టుకతోనో వయసుతోనో స్థిరంగా ఉండేది కాదు, ఎవరైనా లాగేసుకోగలరు, దుకాణానికి వెళ్ళి డబ్బు కడితే మళ్ళీ దొరుకుతుంది. ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లాడి మనసులో ఉండే భయాన్ని ఇంత సూటిగా పట్టుకున్న ప్రకటనలు అరుదు. 2012 డిసెంబర్ 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ బడిలో 20 మంది చిన్నపిల్లల్ని, ఆరుగురు పెద్దవాళ్ళని చంపినవాడి చేతిలో ఉన్నది బుష్‌మాస్టర్ రైఫిలే. వాడి వయసు 20. తుపాకీ కంపెనీల మీద దావాలు వెయ్యకుండా కాపాడే చట్టం 2005 నుంచి ఉంది. అయినా తొమ్మిది కుటుంబాలు కేసు వేశాయి. ఆ తుపాకీని ఎలా అమ్మారు, ఏ మాటలు చెప్పి అమ్మారు అన్నదాని మీద విచారణ జరగొచ్చని 2019లో కనెక్టికట్ సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2022 ఫిబ్రవరిలో ఆ బ్రాండ్ యజమాని రెమింగ్టన్ తరఫున ఇన్సూరెన్స్ కంపెనీలు 7.3 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నాయి.

శాండీ హుక్ జరిగిన వారానికి రైఫిల్ అసోసియేషన్ పెద్ద వేన్ లాపియర్ విలేకరుల ముందుకొచ్చి, తుపాకీ పట్టిన చెడ్డవాణ్ణి ఆపగలిగేది తుపాకీ పట్టిన మంచివాడొక్కడే అన్నాడు. మీ అబ్బాయి వాదన కూడా లోపల ఇదే. దీనికి జవాబు మీ టెక్సాస్‌లోనే ఉంది. 2022 మే 24న యువాల్డేలో ఒక 18 ఏళ్ళవాడు, పుట్టినరోజు దాటిన కొద్దిరోజుల్లో చట్టప్రకారమే కొన్న రైఫిల్‌తో బడిలోకి వెళ్ళి 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపాడు. అక్కడికి 376 మంది పోలీసులు, ఇతర అధికారులు వచ్చారు. అందరికీ ఆయుధాలున్నాయి, చాలామందికి కవచాలున్నాయి. ఆ గదిలోకి వెళ్ళి వాణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. మీ అబ్బాయిని నేను ఆ హంతకుడితో పోల్చడం లేదు తల్లీ. చేతిలో తుపాకీ ఉంటే గుండెలో ధైర్యం దానంతటదే వస్తుందన్న నమ్మకం ఆరోజు ఏమైందో వాడు తెలుసుకోవాలి.

1999లో ఒక సర్వేలో తుపాకీ ఎందుకు పెట్టుకున్నావని అడిగితే 49 శాతం మంది వేటకన్నారు, 26 శాతం రక్షణకన్నారు. 2013కి అది తిరగబడింది: వేట 32, రక్షణ 48. 2023లో ప్యూ అనే పరిశోధన సంస్థ చేసిన సర్వేలో 72 శాతం మంది రక్షణే ముఖ్య కారణమన్నారు. ఇదే కాలంలో, 1990ల మొదటితో పోలిస్తే, దేశంలో హింసాత్మక నేరాలు దాదాపు సగానికి తగ్గాయి. ప్రమాదం తగ్గుతుంటే భయం పెరిగింది.

దీనికి ప్రకటనలొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. మా ప్రాంతంలో ఒకప్పుడు హైస్కూలు చదివిన మగవాడు ఫ్యాక్టరీలో చేరి ఇల్లు కొనేవాడు, భార్యాబిడ్డల్ని పోషించేవాడు. సంపాదించి పెట్టేవాడే మగాడు, అంతే లెక్క. ఫ్యాక్టరీలు మెక్సికోకీ చైనాకీ వెళ్ళిపోయాయి, కొన్ని మరమనుషుల పాలయ్యాయి. చాలా ఇళ్ళలో ఇప్పుడు ఆడవాళ్ళ జీతమే ఆధారం. ఆస్పత్రిలోనో వృద్ధాశ్రమంలోనో ఆవిడకి ఉద్యోగం ఉంటుంది. పోషించేవాడినన్న గర్వం పోయినవాడికి కాపాడేవాడినన్న గర్వం మిగిలింది. దానికి డిగ్రీ అక్కర్లేదు, మేనేజరు దయ అక్కర్లేదు. నడుముకి పిస్తోలు కట్టుకుని కిరాణాకొట్టుకి వెళ్ళే మనిషిని చూస్తే మనకి భయమేస్తుంది. చాలాసార్లు ఆ మనిషికి తాను ఇంకా ఎవరికో పనికొస్తానన్న ధీమా అందులోనే ఉంటుంది. ఇది అర్థం చేసుకోకుండా వాళ్ళని మూర్ఖులనుకుంటే వైద్యం చెయ్యలేం.

మా క్లినిక్‌లో కొత్తగా వచ్చిన ప్రతివారినీ ఇంట్లో తుపాకులున్నాయా అని అడుగుతాం. ఒకాయన గురించి చెప్తాను, ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. యాభై దాటిన వయసు, ఇరాక్ వెళ్ళొచ్చాడు, విడాకులయ్యాయి, మోకాలు దెబ్బతిని పని మానేశాడు. భార్య తీసుకొస్తే వచ్చాడనుకునేరు, మాజీ భార్య తీసుకొచ్చింది. నిద్ర ఎలా ఉందంటే "బానే ఉంది". తిండి? "బానే ఉంది". చనిపోవాలనిపిస్తోందా అంటే నేల చూస్తున్నాడు. తుపాకుల మాట ఎత్తగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తాత ఇచ్చిన జింకల వేట రైఫిల్ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ఏది ఎప్పుడు కొన్నాడో, ఏ గదిలో ఏది ఉంటుందో, మంచం పక్క సొరుగులో ఏది గుళ్ళు నింపి ఉంటుందో అన్నీ చెప్పాడు. "రాత్రి ఎవరైనా వస్తే?" అన్నాడు. ఎవరొస్తారని అడిగితే జవాబు లేదు. ఆ ఇంట్లో ఆయన ఒక్కడే ఉంటున్నాడు. కాపాడటానికి ఇంకెవరూ లేరు. ఆ సొరుగులోని పిస్తోలుకి అందుబాటులో ఉన్న ప్రాణం ఆయనదొక్కటే.

ఈ దేశంలో తుపాకీ చావులనగానే మనకి బడుల్లో కాల్పులు గుర్తొస్తాయి. 2023లో తుపాకీతో 46,728 మంది చనిపోయారు. అందులో 27,300 మంది ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు. హత్యలు 18 వేలకు లోపు. తుపాకీ ఆత్మహత్యల్లో పదింట ఎనిమిదికి పైగా మగవాళ్ళవే. మాజీ సైనికుల్లో రోజుకి సుమారు 17 మంది ఆత్మహత్య చేసుకుంటున్నారు, వాళ్ళలో 70 శాతానికి పైగా తుపాకీతోనే. చనిపోవాలన్న ఆవేశం చాలామందిలో కొద్దిసేపే తీవ్రంగా ఉంటుంది. ఆ కాసేపు దాటిస్తే ఎక్కువమంది బతికిపోతారు, మళ్ళీ ప్రయత్నించి చనిపోయేవాళ్ళు తక్కువ. తుపాకీ ఆ రెండో అవకాశం ఇవ్వదు. మగాడు ఏడవకూడదు, ఒకరి దగ్గరికి వెళ్ళి సాయం అడగకూడదు అని పెంచి, అదే మగాడి మంచం పక్కన గుళ్ళు నింపిన పిస్తోలు పెడితే ఏమవుతుందో నేను డ్యూటీలో చూస్తూనే ఉన్నాను. ఇంట్లో ఆడవాళ్ళ మాట కూడా చెప్పాలి. కొట్టే భర్త చేతికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆమె హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు ఐదు రెట్లని 2003లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనం తేల్చింది. కాపాడేవాడన్న మాట ఇంతమందిని బలి తీసుకుంటుంటే దాన్ని మగతనమని పిలవడం నాకు కోపం తెప్పిస్తుంది.

ఆ పేషెంట్ సంగతి: తుపాకులు వదిలెయ్యమని నేను అడగలేదు. అడిగితే మళ్ళీ వచ్చేవాడు కాదు. "మీ యూనిట్లో స్నేహితుడు ఇలా ఉంటే మీరేం చేస్తారు?" అని అడిగాను. "వాడి తుపాకులు నా ఇంట్లో పెట్టుకుంటా" అన్నాడు, తడుముకోకుండా. వారంలో ఆయన తమ్ముడొచ్చి అన్నీ తీసుకెళ్ళాడు. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. న్యూహాంప్‌షైర్‌లో ఒక తుపాకుల దుకాణంలో ఒక్క వారంలోపు ముగ్గురు, ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళు, తుపాకీ కొనుక్కుని గంటల్లో ప్రాణాలు తీసుకున్నారు. ఆ దుకాణం యజమాని తట్టుకోలేకపోయాడు. అక్కడి ప్రజారోగ్య నిపుణులు, తుపాకుల వ్యాపారులు 2009లో ఒక చోట కూర్చున్నారు, ఆ తర్వాత పోస్టర్లు తయారుచేశారు. స్నేహితుడు కష్టంలో ఉంటే కొన్నాళ్ళు వాడి తుపాకులు నీ దగ్గర పెట్టుకో అని వాటి సారం. మద్యం తాగినవాడి చేతిలోంచి కారు తాళాలు తీసుకోవడంలో నామోషీ లేనట్టే ఇందులోనూ లేదని చెప్పారు. కాపాడాలన్న కోరికని పక్కవాడి ప్రాణం వైపు తిప్పారు. తర్వాత చాలా రాష్ట్రాల్లో దీన్ని అందుకున్నారు.

ఇక సైనిక బడ్జెట్. 2024లో అమెరికా సైన్యం మీద ఖర్చుపెట్టింది స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి లెక్క ప్రకారం 99,700 కోట్ల డాలర్లు, దాదాపు లక్ష కోట్లు. ప్రపంచం మొత్తం సైనిక ఖర్చులో 37 శాతం. రెండో స్థానంలో ఉన్న చైనాకి మూడు రెట్లు పైనే. ఇదంతా మగతనం చూపించుకోవడానికే అంటే అది సగం నిజం కూడా కాదు. అసలు పునాది ఉద్యోగాలు, కాంట్రాక్టులు. మా ఒహాయోలో లైమా అనే ఊళ్ళో ఏబ్రమ్స్ ట్యాంకుల ఫ్యాక్టరీ ఉంది. 2012 ప్రాంతంలో కొత్తగా ట్యాంకులు మాకొద్దు, ఉన్నవి చాలు అని స్వయంగా సైన్యాధిపతులే కాంగ్రెస్‌కి చెప్పారు. కాంగ్రెస్ వినలేదు, డబ్బిచ్చింది. అది మూతపడితే ఆ ఊరు ఏమవుతుందో అక్కడి ఎంపీలకి తెలుసు, మాకూ తెలుసు. 1961 జనవరిలో పదవి దిగుతూ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యానికీ ఆయుధ పరిశ్రమకీ మధ్య పెరుగుతున్న ఈ బంధం గురించే హెచ్చరించాడు. ఆయన ఐదు నక్షత్రాల జనరల్. పిరికివాడని ఎవరూ అనలేరు కాబట్టి అంత మాట అనగలిగాడు.

మగతనం పనిచేసేది అక్కడే. బడ్జెట్ తగ్గిద్దాం, యుద్ధం ఆపుదాం అనే నాయకుడి నోరు మూయించడానికి అది ఆయుధం. వియత్నాం నుంచి వెనక్కి వస్తే తనని పిరికివాడు, మగతనం లేనివాడు, వెన్నెముక లేనివాడు అంటారేమోనన్న భయం గురించి అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వయంగా తన జీవితకథ రాసినావిడతో చెప్పుకున్నాడు. 58 వేల మందికి పైగా అమెరికన్లు, లక్షలాది వియత్నాం ప్రజలు చనిపోయిన యుద్ధం అది. 1988 అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్ల అభ్యర్థి మైకేల్ డుకాకిస్ తాను బలహీనుణ్ణి కానని చూపించడానికి హెల్మెట్ పెట్టుకుని ట్యాంకెక్కాడు. ప్రత్యర్థులు అదే దృశ్యాన్ని ప్రకటనగా వాడి నవ్వులపాలు చేశారు. 2003 మే 1న జార్జ్ బుష్ పైలట్ దుస్తుల్లో విమానవాహక నౌక మీద దిగి ఇరాక్‌లో ప్రధాన పోరాటం ముగిసిందన్నాడు. ఇరాక్‌లో చనిపోయిన అమెరికన్ సైనికుల్లో అత్యధికులు ఆ తర్వాత చనిపోయినవాళ్ళే. ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో సైనికులకి జరిగే సన్మానాలు చూసి మీ అబ్బాయి ఒళ్ళు పులకరించే ఉంటుంది. వాటిలో కొన్నిటికి రక్షణ శాఖే డబ్బు కట్టిందని 2015లో సెనెటర్లు మెకేన్, ఫ్లేక్ బయటపెట్టారు. 68 లక్షల డాలర్ల కాంట్రాక్టులు. మెకేన్ వియత్నాంలో ఐదేళ్ళకు పైగా ఖైదులో ఉన్న మనిషి, ఆయనకే అది రోత పుట్టించింది. 2025 సెప్టెంబరులో రక్షణ శాఖని యుద్ధ శాఖ అని కూడా పిలవొచ్చని అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. మెత్తగా కనపడకూడదన్న తాపత్రయం ఇంకా తీరలేదు.

సైన్యంలో చేరే పిల్లలు మాత్రం వేరు. నిర్బంధ సైనిక సేవ 1973లో ఆగిపోయింది. ఇప్పుడు చేరేవాళ్ళలో నాకు తెలిసిన ఎక్కువమంది కాలేజీ ఫీజుకోసం, ఆరోగ్య బీమా కోసం, ఊరు వదిలి బయటపడటానికి చేరారు. వాళ్ళని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు గౌరవం లేదు.

మీ అబ్బాయికి ఇంకొకటి కూడా తెలియాలి. ఈ దేశంలో కాపాడే మగాడన్న బొమ్మకి ఒక రంగు ఉంది. 1967లో నల్లజాతి యువకులు, బ్లాక్ పాంథర్లు, ఓక్లండ్‌లో బాహాటంగా తుపాకులు పట్టుకుని పోలీసుల్ని గమనిస్తూ తిరిగితే, కాలిఫోర్నియా వెంటనే దాన్ని నిషేధించే చట్టం చేసింది. సంతకం పెట్టిన గవర్నర్ రోనాల్డ్ రీగన్. గోధుమరంగు ఒళ్ళున్న మన పిల్లవాడు భుజాన రైఫిల్ వేసుకుని నిలబడితే పక్కింటివాళ్ళకి కాపాడేవాడు కనపడతాడా, ఇంకెవరైనా కనపడతారా? 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథేలో ఏం జరిగిందో మన ఇళ్ళలో ఎవరూ మర్చిపోలేదు. బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్ల మీద ఒకప్పుడు నేవీలో పనిచేసినవాడు నా దేశం వదిలి పొమ్మని అరుస్తూ కాల్చాడు. ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు. తన దేశాన్ని తాను కాపాడుతున్నాననే వాడు అనుకున్నాడు. అదే బార్‌లో ఉన్న ఒక తెల్ల యువకుడు, చేతిలో ఏమీ లేకుండా, గుళ్ళు అయిపోయాయనుకుని వాడి వెంటపడ్డాడు. చేతిలోంచి ఛాతీలోకి గుండు దిగింది, అయినా బతికాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు అతను ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు ఇచ్చారు. ఆరోజు ఆ బార్‌లో ఉన్న ఇద్దరు మగవాళ్ళ గురించి, కాల్చినవాడి గురించీ వాడి వెంటపడ్డవాడి గురించీ, మీ అబ్బాయితో మాట్లాడండి. మీరు వాదించక్కర్లేదు, జరిగింది చెప్పండి చాలు.

ఇక చెయ్యాల్సినవి. సెలెక్టివ్ సర్వీస్ ఉత్తరానికి టెన్షన్ పడకండి. అది సైన్యంలో చేరమని పిలుపు కాదు. 18 నుంచి 25 ఏళ్ళ దాకా మగ పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు లాంటివాళ్ళ పేర్లు నమోదై ఉండాలి, అంతే. ఆడపిల్లలకి లేదు, మగవాళ్ళకే ఉండటం చెల్లుతుందని 1981లో సుప్రీంకోర్టు చెప్పింది. నమోదు లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు అడ్డొస్తుంది, గ్రీన్‌కార్డు పిల్లలకైతే తర్వాత పౌరసత్వం దగ్గర ఇబ్బంది. హెచ్-4 లాంటి వీసా మీద ఉన్న పిల్లలకు ఆ స్టేటస్ ఉన్నంతకాలం ఈ నమోదు అక్కర్లేదు.

తుపాకీ సంగతి. 18 నిండితే లైసెన్సున్న దుకాణంలో రైఫిల్ కొనడానికి కేంద్ర చట్టం ఒప్పుకుంటుంది. 21 లోపు వాళ్ళకి 2022 నుంచి తనిఖీ కాస్త ఎక్కువ. అంటే చట్టం చూపించి మీరు వాణ్ణి ఆపలేరు. ఇల్లు మీది కాబట్టి ఇంట్లో ఉండకూడదని చెప్పే హక్కు మాత్రం మీకుంది, అది గట్టిగానే చెప్పండి. ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు: హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చడం కూడా ఇందులోకే వస్తుంది. ఫ్రెండ్స్ పిలిచారని వెళ్ళి ఫోటోలు పెట్టేముందు లాయర్ని అడగండి.

వాడు వెళ్ళే ఫ్రెండ్స్ ఇళ్ళలో తుపాకులు తాళం వేసి ఉంటాయో లేదో ఆ తల్లిదండ్రుల్ని నేరుగా అడగండి. టెక్సాస్‌లో దీన్ని తప్పుగా అనుకోరు, బాధ్యత గల తుపాకీ యజమానులు సంతోషంగా చెప్తారు. మిచిగాన్‌లో కొడుకు చేసిన బడి కాల్పులకు 2024లో తల్లినీ తండ్రినీ కూడా జైలుకు పంపారు, తుపాకీ జాగ్రత్త చెయ్యనందుకు.

రేంజ్‌కి వెళ్ళేటప్పుడు ఒకసారి మీరూ, వాళ్ళ నాన్నగారూ వెంట వెళ్ళండి. వాడికి అక్కడ దొరుకుతున్నది గురి మీద ఇష్టమా, ఫ్రెండ్స్ మెప్పా, లేక బడిలో ఎవడో ఏడిపిస్తే వచ్చిన భయమా అన్నది దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. మూడోదైతే తుపాకీ గురించి వాదించడం ఆపేసి ఆ భయం గురించి అడగండి. ముఖ్యంగా వాళ్ళ నాన్నగారు అడగాలి, తనకి ఎప్పుడు భయమేసిందో కూడా చెప్పాలి. మన ఇళ్ళలో తండ్రులు ఈ ఒక్క పని చెయ్యరు. వాడు నిద్ర మానేసినా, మాట్లాడటం తగ్గించినా, వస్తువులు పంచిపెడుతున్నా ఆలస్యం చెయ్యకుండా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యండి, పగలైనా రాత్రైనా ఎత్తుతారు. ఆ రోజుల్లో వాడి చేతికి అందే తుపాకీ ఎవరింట్లో ఉన్నా, వాళ్ళకి ఫోన్ చేసి తాళం వెయ్యమనండి.